బొంత అంచుకు ఏ పట్టీ వేయాలి, గుడ్డ ఎంత కొనాలి

బొంత కుట్టడం మొదలుపెట్టేటప్పుడు ఎవరికీ భయం ఉండదు. పాత నూలు చీరలు, మిగిలిపోయిన జాకెట్టు ముక్కలు ఎలాగూ ఇంట్లోనే ఉంటాయి. చిక్కంతా చివర్లో అంచు దగ్గర వస్తుంది. విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు మ్యాచింగ్ షాపులో నిలబడి మెరూన్ పాప్లిన్ చూపించాక, షాపాయన కత్తెర పట్టుకుని "ఎంత కట్ చెయ్యమంటారు?" అంటాడు. మనం బిక్కమొహం వేస్తాం. "క్రాస్ పట్టీకైతే ఎక్కువే పడతాదమ్మా, మీటరు తీసుకోండి" అని ఆయనే తేల్చేస్తాడు. ఇంటికొచ్చాక సగం గుడ్డ మిగులుతుంది. లేదంటే చివరి మూల దగ్గర జానెడు తక్కువ పడుతుంది.

నాకు రెండూ అయ్యాయి. రెండో దాని గురించి కింద చెప్తాను. ఎందుకంటే అది లెక్క తప్పడం వల్ల జరిగింది కాదు, లెక్క సరిగ్గా వేసినా జరిగింది.

ముందు మీ బొంతను చూడండి

ఏ పట్టీ మంచిదని అడిగే ముందు బొంతను మంచం మీద పరిచి మూలలు చూడాలి. నాలుగు మూలలూ పెట్టె మూలల్లా ఉంటే మీకు క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఏటవాలుగా కోసిన పట్టీ, తప్పనిసరి కాదు. మూలలు గుండ్రంగా కత్తిరించినా, అంచు అలలు అలలుగా ఉన్నా క్రాస్ తప్ప గత్యంతరం లేదు. నిలువు పట్టీని, అంటే గుడ్డ దారాల వెంట తిన్నగా కోసినదాన్ని, వంపు మీద కుట్టడానికి ప్రయత్నిస్తే లోపలి వైపు ముడతలు పడుతుంది, బయటి వైపు బిగుసుకుంటుంది. ఎంత ఇస్త్రీ చేసినా అది సర్దుకోదు.

రెండోది, ఆ బొంత బతుకు ఎలా ఉండబోతోందో ఆలోచించండి. మన విశాఖలో చలి కోసం బొంత కప్పుకునే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఏసీ గదుల్లో, పిల్లల కింద పరుపుగా, డాబా మీద పడుకునేటప్పుడు వాడుతూనే ఉంటాం. పసిపిల్లల బొంత అయితే రోజు విడిచి రోజు ఉతుకుతాం. ఉతికేకొద్దీ మొదట పాడయ్యేది అంచే.

ఇక్కడ పడుగు పేకల, అంటే గుడ్డలో నిలువు, అడ్డం దారాల సంగతి ఒకటి తెలుసుకోవాలి. గుడ్డను దారం వెంట తిన్నగా కోసి పట్టీ చేసి మడిస్తే, ఆ మడత అంచు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటి రెండు దారాలే పడుకుని ఉంటాయి. రాపిడంతా వాటి మీదే. అవి తెగితే అంచు బారుగా చీలిపోతుంది. మా అమ్మమ్మ బొంత ఒకటి ఇంకా బీరువాలో ఉంది. లోపలి గుడ్డ గట్టిగానే ఉంది కానీ, ఒక వైపు అంచు మాత్రం బ్లేడుతో గీసినట్టు మూరెడు పొడవున తెరుచుకుంది. అదే గుడ్డను 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తే, మడత మీదుగా వందల దారాలు అడ్డంగా దాటుతూ ఉంటాయి. ఒకటి తెగినా పక్కది పట్టుకుని ఉంటుంది. క్రాస్ పట్టీ ఎక్కువ కాలం మన్నుతుందనేది ఇందుకే.

మిగిలినవి చిన్న విషయాలు. మీ దగ్గర ఉన్నది కత్తెరేనా, చక్రం కట్టరూ (గుండ్రంగా తిరిగే బ్లేడు) దాని కింద వేసే మ్యాటూ ఉన్నాయా? గుడ్డ ప్లెయినా, చారలదా? చారల గుడ్డను క్రాస్‌లో కోస్తే అంచు చుట్టూ ఏటవాలు గీతలు తిరుగుతాయి. చూడటానికి అంత బాగుండేది ఇంకోటి లేదు. దాని కోసమే క్రాస్ వేసేవాళ్లున్నారు, అందులో తప్పేమీ లేదు.

ఒక చూపులో

లెక్క పోల్చడానికి వీలుగా ఒకే కొలత పెట్టుకుందాం. బొంత 72 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. చుట్టుకొలత 324. మూలల మడతకీ, మొదలు చివర కలపడానికీ 16 కలిపితే 340 అంగుళాల పట్టీ కావాలి. పట్టీ వెడల్పు రెండుంపావు అంగుళాలు, పొడవునా సగానికి మడిచి రెండు పొరలుగా కుట్టేది. గుడ్డ పన్నా (వెడల్పు) 44 అంగుళాలు, గట్టి అంచులు తీసేస్తే 43.

| పద్ధతి | కొనాల్సిన గుడ్డ | అతుకులు | వంపులకు |
|---|---|---|---|
| వెనక గుడ్డనే ముందుకు మడవడం | వెనక గుడ్డ ప్రతి వైపూ 2 అంగుళాలు ఎక్కువ | లేవు | పనికిరాదు |
| నిలువు పట్టీలు | 60 సెం.మీ. | 8 | పనికిరాదు |
| విడివిడి క్రాస్ పట్టీలు | 1 మీటరు | 7 | బాగుంటుంది |
| గొట్టం పద్ధతి, చదరం ముక్కతో | 80 సెం.మీ. | 17 దాకా | బాగుంటుంది |
| గొట్టం పద్ధతి, పూర్తి పన్నాతో | 60 సెం.మీ. | 19 దాకా | బాగుంటుంది |
| రెడీమేడ్ టేపు | రోల్ పొడవును బట్టి | రోల్‌ను బట్టి | పరవాలేదు |

వెనక గుడ్డ మడత

మన ఇళ్లల్లో పాత బొంతలన్నీ ఇలా కుట్టినవే. వెనక చీరను కాస్త పెద్దదిగా ఉంచి, ముందుకు రెండుసార్లు మడిచి, చేత్తో కుట్టేసేవాళ్లు. ఖర్చు లేదు, అతుకు లేదు, లెక్క అక్కర్లేదు. అంచు చిరిగితే మార్చడానికి మాత్రం ఉండదు, ఎందుకంటే అంచూ వెనక భాగమూ ఒకే గుడ్డ. రోజువారీ వాడకానికి, ఎవరికైనా ఇచ్చేసే బొంతకి ఇది చాలు. పెళ్లి కానుకకి వద్దు.

నిలువు పట్టీలు

మూలలు నిటారుగా ఉన్న బొంతకి, మొదటిసారి కుట్టేవాళ్లకి నా ఓటు దీనికే. గుడ్డ పెద్దగా సాగదు, కాబట్టి అంచు వంకర పోదు. పన్నా అడ్డంగా రెండుంపావు అంగుళాల చొప్పున కోస్తూ పోవడమే.

లెక్క ఇదీ. ఒక్కో పట్టీ 43 అంగుళాలు. రెండు పట్టీలను ఏటవాలు కుట్టుతో అతికితే, ఒక్కో అతుకులో పట్టీ వెడల్పంత, అంటే రెండుంపావు పోతుంది. 8 పట్టీలు వేస్తే 344, అందులో 7 అతుకులకి దాదాపు 16 తీసేస్తే 328. కావాల్సింది 340. కాబట్టి 9 పట్టీలు కావాలి. 9 పట్టీలకి గుడ్డ పొడవు 20.25 అంగుళాలు. అర మీటరంటే 19.7 అంగుళాలే. అరంగుళం దగ్గర దెబ్బ తింటారు! అందుకే 60 సెంటీమీటర్లు అడగండి. బొంత పలచగా ఉండి 2 అంగుళాల పట్టీ సరిపోతుందంటే, 9 పట్టీలకి 18 అంగుళాలే కాబట్టి అర మీటరులో వచ్చేస్తుంది. షాపులో వంకరగా చింపకపోతే.

విడివిడి క్రాస్ పట్టీలు

చక్రం కట్టరు ఉన్నవాళ్లకి ఇది హాయి. మీటరు గుడ్డను పరిచి, ఒక మూల నుంచి 45 డిగ్రీల గీత గీసి, అక్కడి నుంచి రెండు వైపులా పట్టీలు కోసుకుంటూ పోవాలి. మధ్య పట్టీ దాదాపు 55 అంగుళాలు వస్తుంది. పక్కకి వెళ్లేకొద్దీ ఒక్కోటి నాలుగున్నర అంగుళాలు తగ్గుతూ వస్తుంది. మధ్య నుంచి 8 పట్టీలు తీస్తే మన 340 దాటుతుంది.

పక్కన రెండు పెద్ద త్రికోణాలు మిగులుతాయి. అది నష్టమా లాభమా అన్నది మీ స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ముక్కల బొంతలు కుట్టేవాళ్లకి త్రికోణం ముక్క దొరికితే పండగే. మిగిలినవాళ్లకి అది బీరువాలో ఇంకో సంచి.

గొట్టం పద్ధతి: ఒకే పట్టీ, తెగకుండా

ఈ పద్ధతిలో గుడ్డను ముందే కుట్టి గొట్టంలా చేసి, తర్వాత కత్తెరతో గుండ్రంగా తిరుగుతూ కోసుకుంటూ పోతాం. బత్తాయి తొక్క తెగకుండా ఒలిచినట్టు. రెండే రెండు పొడవాటి కుట్లు, ఆపైన ఒకే పట్టీ చేతికొస్తుంది. కత్తెర మాత్రమే ఉన్నవాళ్లకి, ఒక్కో పట్టీ అతకాలంటే విసుగొచ్చేవాళ్లకి ఇది వరం.

ఒక అపోహ ఉంది, దీంట్లో అతుకులు తక్కువని. నిజానికి ఎక్కువ. మనం కుట్టింది రెండు కుట్లే అయినా, పట్టీ గొట్టం చుట్టూ తిరిగినప్పుడల్లా ఆ కుట్లను దాటుతుంది. చదరం ముక్కతో చేస్తే దాదాపు 20 అంగుళాలకి ఒక అతుకు వస్తుంది. తగ్గేది కుట్టే పని మాత్రమే. మందంగా ఉండే గుడ్డైతే ఈ అతుకులు చేతికి తగులుతాయి, పలచటి నూలు గుడ్డలో తెలియవు.

ఇప్పుడు నా మెరూన్ పాప్లిన్ కథ. అందరూ చెప్పే సూత్రం సులువే: కావాల్సిన పొడవును పట్టీ వెడల్పుతో గుణించి, దానికి వర్గమూలం తీస్తే చదరం కొలత వస్తుంది. 340ని 2.25తో గుణిస్తే 765. వర్గమూలం 27.7. నేను 28 అంగుళాల చదరం కోశాను. ఫోన్‌లో కాలిక్యులేటర్ రెండుసార్లు నొక్కి చూసుకున్నాను కూడా. తీరా పట్టీ కోసి కొలిస్తే 311 అంగుళాలు. బొంత చుట్టూ తిరగడానికే 324 కావాలి. నాలుగో వైపు సగం దాటాక పట్టీ అయిపోయింది. మళ్లీ అదే మెరూన్ కోసం వెళ్తే ఆ తాను అయిపోయింది, కొత్త తాను రంగు ఒక పిసరు తేడా.

కారణం తర్వాత కాగితం మీద గీసుకుంటే తెలిసింది. సూత్రం గుడ్డ వైశాల్యాన్ని లెక్కపెడుతుంది. కత్తెర మాత్రం పూర్తి పట్టీలనే ఇస్తుంది. 28 అంగుళాల చదరాన్ని మూల నుంచి మూలకి కోసి, ఆ రెండు ముక్కల్ని ఒక పక్కకి ఒరిగిన పెట్టెలా కుట్టాక, ఏటవాలు అంచుల మధ్య దూరం 19.4 అంగుళాలు. దాన్ని 2.25తో భాగిస్తే 8.6. ఆ 0.6 పట్టీ చెత్తబుట్టకే. పైగా కుట్టుకి పావు అంగుళం చొప్పున పోయింది. మీరు 29 అంగుళాలు కోసినా 8.96 వస్తుంది, అంటే మళ్లీ 8 పట్టీలే! 30 కోస్తే 9 పట్టీలు, 375 అంగుళాలు. ఒక్క అంగుళం తేడాలో 50 అంగుళాల పట్టీ.

కాబట్టి వైశాల్యం సూత్రాన్ని షాపుకి వెళ్లేముందు అంచనాకి వాడుకోండి. కత్తెర పెట్టే ముందు మాత్రం పట్టీలు లెక్కపెట్టండి. ఇలా: గుడ్డ అడ్డం కొలతలో అర అంగుళం తీసేసి, 0.707తో గుణించి, పట్టీ వెడల్పుతో భాగించండి. వచ్చిన దాంట్లో దశాంశాన్ని వదిలేయండి. అది పట్టీల సంఖ్య. గుడ్డ నిలువు కొలతను 1.414తో గుణించి 0.7 తీసేస్తే ఒక్కో పట్టీ పొడవు. రెండూ గుణిస్తే మీ చేతికొచ్చేది.

చదరమే ఎందుకు?

అందరూ చదరం ముక్కతోనే నేర్పిస్తారు కానీ, 44 పన్నా గుడ్డలో 30 అంగుళాల చదరం కోస్తే పక్కన 13 అంగుళాల ముక్క వృథాగా మిగులుతుంది. పన్నా మొత్తం వాడేస్తే అదే పని తక్కువ గుడ్డలో అయిపోతుంది. నేనిప్పుడు ఇదే చేస్తున్నాను.

60 సెంటీమీటర్లు తెచ్చి, ఉతికి, అంచులు సరిచేస్తే 43 అడ్డం, 22 నిలువు మిగులుతుంది. ఎడమ చివర కింది మూల నుంచి 45 డిగ్రీల గీత గీసి ఆ త్రికోణాన్ని కోసేయండి. దాన్ని తిప్పకుండా అలాగే జరిపి కుడి చివరకి కుట్టండి. ఇప్పుడు గుడ్డ ఒక పక్కకి ఒరిగిన పెట్టెలా కనిపించాలి. అలా కాకుండా పైన చిన్నగా కింద పెద్దగా గుడిసెలా కనిపిస్తే త్రికోణం తిరగబడిందన్నమాట, విప్పండి. ఏటవాలు అంచుకి సమాంతరంగా రెండుంపావు దూరంలో గీతలు గీయండి. 13 పట్టీలు వస్తాయి, ఒక్కోటి 30 అంగుళాలు, మొత్తం 395 దాకా. మన 340కి బాగా సరిపోతుంది, ఉతుకుడులో కుంచించుకున్నా టెన్షన్ ఉండదు.

అర మీటరుతో కూడా కుదురుతుంది, నిలువు 19 అంగుళాలు దక్కితే సరిగ్గా 340 వస్తుంది. కానీ అంత అంచున నడవడం నాకిష్టం లేదు.

36 పన్నా పాప్లిన్ అయితే 10 పట్టీలే వస్తాయి, 70 సెంటీమీటర్లు తీసుకోండి. పసిపిల్లల బొంత, 36 బై 45, మూలలు గుండ్రంగా ఉన్నది అయితే 180 అంగుళాల పట్టీ చాలు. 44 పన్నాలో 30 సెంటీమీటర్లు సరిపోతుంది.

ఇక పైఅంచునీ కిందిఅంచునీ కలిపి గొట్టం చేసే దగ్గరే అందరూ బోల్తా పడతారు. గీతలకి గీతలు ఎదురెదురుగా పెట్టి కుట్టకూడదు. ఒక పట్టీ వెడల్పంత పక్కకి జరపాలి. పై అంచు మొదటి గీత కింది అంచు రెండో గీతకి రావాలి, రెండు చివరలా ఒక్కో పట్టీ బయటికి నాలుకలా వేలాడుతూ కనిపించాలి. జరపకుండా కుట్టేస్తే కోసినప్పుడు పట్టీ రాదు, విడివిడిగా గాజుల్లాంటి చుట్లు వస్తాయి. ఇంకొక మాట. గీతలు కలవాల్సింది గుడ్డ కొసన కాదు, కొస నుంచి పావు అంగుళం లోపల, కుట్టు పడే చోట. గుండుసూది సరిగ్గా అక్కడే గుచ్చి చూసుకోండి. ఈ కుట్టును తర్వాత ఎలాగూ అడ్డంగా కోస్తాం కాబట్టి మిషన్ మీద చిన్న కుట్టు పెట్టండి, లేకపోతే కోసిన చోటల్లా విడిపోతుంది.

రెడీమేడ్ టేపు

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు ఏ మ్యాచింగ్ షాపులో అడిగినా దొరుకుతుంది. మడిచి ఇస్త్రీ చేసి ఉంటుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. చాలావరకు పాలిస్టర్ కలిసిన పలచటి గుడ్డ, ఒకే పొర. అప్రాన్‌కీ, సంచికీ బాగుంటుంది. పాత చీరల మెత్తటి బొంతకి వేస్తే అంచు గరుకుగా, మిగతాదంతా మెత్తగా ఉంటుంది. పిల్లల బొంతకి నేను వేయను. రేపు పొద్దున్నే ఇవ్వాల్సిన కానుకైతే వేస్తాను, కాదనను.

ఎవరికి ఏది

మొదటి బొంత, నిటారు మూలలు: నిలువు పట్టీ. వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

గుండ్రని మూలలు, ఇంట్లో కత్తెర మాత్రమే: పూర్తి పన్నా గొట్టం పద్ధతి. మొదట పాత దుప్పటి ముక్కతో ఒకసారి చేసి చూడండి, అరగంట పోతుంది కానీ గాజుల గండం తప్పుతుంది.

గుండ్రని మూలలు, చక్రం కట్టరు ఉంది, గుడ్డ మందం: విడివిడి పట్టీలు. అతుకులు తక్కువ ఉండటం మందం గుడ్డలో బాగా తెలుస్తుంది.

నిటారు మూలలే కానీ వారం వారం మిషన్‌లో పడే బొంత: క్రాస్. ఇక్కడ నాతో గొడవపడేవాళ్లు ఉంటారు. నిలువు పట్టీ రెండు పొరలు చాలదా అంటారు. కొన్నేళ్లకి చాలుతుంది. అమ్మమ్మ బొంత అంచు చూశాక నా మనసు ఒప్పుకోలేదు, అంతే.

కోసే ముందు, కుట్టే ముందు

క్రాస్ గుడ్డ చేతిలో సాగుతుంది. అందుకే కోసే ముందు గంజి పెట్టండి. చీరకి పెట్టే పలచటి గంజి కాదు, చొక్కా కాలర్‌కి పెట్టేంత చిక్కగా. ఆరాక ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలబడుతుంది, గీతలు నిటారుగా వస్తాయి. ఒక్క ముసురు రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మన సముద్రపు తేమకి గంజి గుడ్డ ఆరక ముక్కవాసన వస్తుంది, దాని మీద రాత్రంతా వదిలేసిన గుండుసూదులు తుప్పు మరకలు పెడతాయి.

ఎరుపు, మెరూన్, ముదురు నీలం గుడ్డలైతే తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకో రెండుసార్లు ఉతకండి.

మిషన్ కింద పట్టీని లాగొద్దు. లాగి కుట్టిన క్రాస్ అంచు మొదట అందంగానే ఉంటుంది, మొదటి ఉతుకుతో అప్పడంలా అలలు తిరుగుతుంది. పట్టీని దాని మానాన వదిలేసి, బొంత బరువును టేబుల్ మీద ఆనించి, చేత్తో దారి మాత్రమే చూపించండి. అసలు కుట్టు మొదలుపెట్టే ముందు పట్టీని బొంత చుట్టూ ఒకసారి ఉత్తినే పరుచుకుంటూ రండి. ఏ అతుకైనా సరిగ్గా మూల మీద పడితే, మొదలుపెట్టే చోటును నాలుగు అంగుళాలు పక్కకి జరపండి. మూల దగ్గర అప్పటికే మడతలున్నాయి, అక్కడ అతుకు కూడా చేరితే సూది విరుగుతుంది.